పత్తి మిల్లులకు దత్తాంశ విద్య

“బిగ్ డేటా” యను మాట యిటీవల వర్తక లోకమున తరచుగా వినవచ్చుచున్నది. కొనుగోళ్లు, అమ్మకములు, కొలతలు, ధరలు, వానల వివరములు రాసులుగా కూడబెట్టి, కంప్యూటరు సాయమున వానిలోని పోకడలను కనిపెట్టి, రేపటి నిర్ణయమునకు నిన్నటి లెక్కను తోడుచేసికొనుటయే దత్తాంశ విశ్లేషణము. మహానగరములలోని గొప్ప సంస్థలకిది నిత్యకృత్యమైనది. నడితరపు కంపెనీల మాట యేమి? వానికిది యవసరమా, ఆడంబరమా? ఈ ప్రశ్నను దూరదేశముల దృష్టాంతములతో గాక, కౌతాళము, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతపు పత్తిని ముందుంచుకొని విచారింపదలచితిమి.

ఈ సీమ రేగడి చేలలో పండిన పత్తి ఆదోని మార్కెట్టు యార్డునకు చేరును. అచ్చట కొన్న సరకు జిన్నింగు మిల్లులలో గింజయు దూదియుగా వేరుపడును. దూదిని 170 కిలోల బేళ్లుగా కట్టి నూలు మిల్లులకు పంపుదురు. ఈ జిన్నింగు మిల్లులలో పెక్కు చిన్న, మధ్యతరహా పరిశ్రమల కోవలోనివి. 2025 ఏప్రిల్ 1 నుండి అమలైన ప్రభుత్వ నిర్వచనము ననుసరించి, యంత్రములపై పెట్టుబడి 125 కోట్ల రూపాయలకును, సాలుసరి టర్నోవరు 500 కోట్లకును లోబడిన సంస్థ మధ్యతరహాది. పేరు మధ్యమమే గాని స్థితి సుఖమైనది కాదు. పైన దేశదేశముల ధరలను గడియ గడియకు చూచుకొను పెద్ద వ్యాపార సంస్థలు. క్రింద అప్పు తీర్చుకొనుటకు తొందరపడు రైతు. నడుమ నీ మిల్లుదారుడు. 2025 ఆగస్టు 19న కేంద్ర ప్రభుత్వము దూది దిగుమతిపైనున్న 11 శాతము సుంకమును తొలగించి, ఆ మినహాయింపును డిసెంబరు 31 వరకు పొడిగించినది. ఢిల్లీలో నొక సంతకము పడిన దినముననే తన నిలువ యెంత, దాని పడతర యెంత యని తేల్చుకొనగలవాడు జాగ్రత్తపడును. నెలాఖరున గుమాస్తా చిట్టా ముగించువరకు వేచియుండువానికి జాగ్రత్తపడు వ్యవధి యుండదు.

లెక్క మనకు క్రొత్త కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున గోపుడను ఉద్యోగి యైదు లేక పది గ్రామముల పొలములను, ఇండ్లను, పశువులను, జనుల ఆదాయ వ్యయములను వ్రాసియుంచవలెనని విధి కలదు. 1800లో ఈ సీమ నిజాము చేతినుండి ఈస్టిండియా కంపెనీకి దత్తమైన పిమ్మట, థామస్ మన్రో 1807 వరకు ఇచ్చట ప్రధాన కలెక్టరుగా నుండి, పొలము పొలమును కొలిపించి, నేలను తరగతులుగా విభజించి శిస్తు నిర్ణయించెను. ఈ లెక్కలన్నియు పాలకుని బొక్కసమునకై పుట్టినవి. వ్రాయువాడొకడు, వ్రాయబడినవాడొకడు. ఈ భేదమును పాఠకులు మనసునందుంచుకొందురు గాక. దీనిని మరల ప్రస్తావింతుము.

ఇప్పుడు మిల్లు గుమాస్తా బల్లమీది పుస్తకములను చూతము. కాటా రసీదులొక కట్ట. కొనుగోలు చిట్టా మరియొకటి. ఏ దినము ఎన్ని బేళ్లు కట్టిరో తెలుపు పుస్తకము వేరు. దూది పోగు పొడవును, బలమును, సన్నదనమును యంత్రముపై పరీక్షించి యిచ్చిన కాగితములు వేరొక బీరువాలో నుండును. కరెంటు బిల్లులు ఇంకొకచోట. ఇవన్నియు ఉన్నవి, ఒకదానితో నొకటి మాటాడవు. ఏ గ్రామపు పత్తి, ఎన్నవ ఏరుడుది, ఎంత తేమతో వచ్చినది, దానినుండి దూది యెంత దిగినది, ఆ బేళ్లకు నూలు మిల్లువారు ధర తగ్గించిరా లేదా యను ప్రశ్నకు ఈ పుస్తకములు విడివిడిగా సమాధానము చెప్పజాలవు. కలిపి చదివిన చెప్పును. దత్తాంశ విద్య యనగా మొదట నీ కలిపి చదువుటయే.

దీని విలువ యెంతయో యొక చిన్న గణితము చూపును. క్వింటాలు పత్తినుండి సాధారణముగా 33 మొదలు 35 కిలోల వరకు దూది దిగును. ఒక మిల్లు ఋతువునకు 50,000 క్వింటాళ్లు ఆడించుననుకొందము. మంచి లాటును ఎన్నుకొనుటచేతనో, యంత్రపు అరిగిన భాగములను సకాలమున మార్చుటచేతనో క్వింటాలునకు ఒక్క కిలో దూది యెక్కువ దిగినచో, 50,000 కిలోలు, అనగా 294 బేళ్లు అధికముగా చేతికి వచ్చును. ఈ 294 బేళ్లు ఇప్పుడు పోవుచున్నవో లేదో యజమానికి తెలియదు. తెలియకుండుటయే అసలు నష్టము. విచిత్రమేమనగా, 5 కోట్లు దాటిన టర్నోవరు గల సంస్థలు 2023 ఆగస్టు 1 నుండి తమ ఇన్వాయిసులను ఎలక్ట్రానిక్ పద్ధతిని ప్రభుత్వమునొద్ద నమోదు చేయవలసియున్నది. మిల్లుదారుని లెక్కను సర్కారు చదువుచున్నది. తాను మాత్రము చదువుట లేదు.

ఈ విద్య మన జిల్లాకు క్రొత్తయనువారు దేవనకొండను జ్ఞప్తికి తెచ్చుకొందురు గాక. 2016లో పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ సంస్థయు, మైక్రోసాఫ్ట్ కంపెనీయు, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వముతో కలిసి ఆ మండలమున నొక ప్రయోగము చేసినవి. సుమారు 30 ఏండ్ల వానల లెక్కలను విశ్లేషించి, వేరుసెనగ విత్తుటకు తగిన కాలమును నిర్ణయించి, 175 మంది రైతులకు తెలుగులో సందేశములు పంపిరి. సాధారణమైన ఫోనే చాలెను. పొలములో నే యంత్రమును పాతలేదు. తొలివానకు తొందరపడక జూను చివరివారము వరకు ఆగుమనుటయే ఆ సందేశముల సారము. దిగుబడి సగటున 30 శాతము హెచ్చినదని ఆ సంస్థలు ప్రకటించినవి. ఒక్క ఋతువు ఫలితమును శాశ్వత సత్యముగా మేము చాటబోము. కాని రాశి రాశి దత్తాంశము చివరకు “ఎప్పుడు విత్తవలెను” అను నొక్క ప్రశ్నకు సమాధానమై నిలిచిన తీరు గమనింపదగినది.

నడితరపు కంపెనీలు నేర్వవలసినది ఇదియే. ప్రశ్న ముందు, యంత్రము తరువాత. సాఫ్ట్‌వేరు అమ్మవచ్చిన వారి మాటలు విని లక్షలు పోసి, దేనికి కొంటిమో యెరుగక మూలబెట్టుట అవివేకము. మొదటి యేడు ఒక్క ప్రశ్న చాలును: ఏ గ్రామపు, ఏ నెల పత్తి మాకు గిట్టుచున్నది? కాటానుండి బేలు వరకు ప్రతి లాటునకు నొక్క సంఖ్య వేసి, ఆ సంఖ్యతోనే అన్ని పుస్తకములను వ్రాయవలెను. కామర్సు చదివిన స్థానిక యువకుడొకడు సాధారణమైన కంప్యూటరుపై ఈ పని చేయగలడు. పాత పద్ధతియు క్రొత్త పద్ధతియు నొక ఋతువు ప్రక్కప్రక్కన నడిపి, దేని మాట నిజమైనదో చూచినగాని పెద్ద వ్యయమునకు పూనుకొనరాదు.

పత్తిని చేతబట్టి, పోగు లాగి చూచి, దాని గుణమును చెప్పగల పాత కొనుగోలుదారులు యార్డునందున్నారు. వారి అనుభవమును త్రోసిపుచ్చుమని మేము చెప్పుట లేదు. వారు చెప్పినదానిని వ్రాసియుంచి, తరువాత యంత్రపు పరీక్షతో పోల్చిన, ఆ విద్య వారితోనే అంతరింపక మిల్లునకు ఆస్తియగును.

ఇక ముందు వాయిదా వేసిన మాటకు వత్తము. ఈ లెక్క యెవరిది? 2025-26 ఋతువునకు పొడవు పింజ పత్తికి కనీస మద్దతు ధర క్వింటాలునకు 8,110 రూపాయలు. అది 8 శాతము తేమకు నిర్ణయింపబడినది. తేమ 12 శాతమైనచో క్వింటాలునకు సుమారు 324 రూపాయలు తగ్గును. అంతకు మించిన, కాటన్ కార్పొరేషను కొనుగోలు కేంద్రమున సరకు చెల్లదు. తేమ కొలత యొక చిన్న అంకె. ఆ అంకెలో రైతు ఇంటి ఖర్చున్నది. మిల్లుదారుడు వేయి లాటుల తేమను, దూది దిగుబడిని విశ్లేషించి యెరిగియుండగా, ఎదుటి రైతు తన లాటు సంగతియే యెరుగనిచో, దత్తాంశ విద్య బేరములో నొకవైపే మొగ్గు త్రాసగును. రైతుకు డబ్బు అవసరమెప్పుడో, ఏ వారమున తప్పక అమ్మునో కూడ లెక్కలు చెప్పగలవు. అట్టి తెలివి ధర తగ్గించుటకు వాడబడిన, కౌటిల్యుని గోపుడు మరల పుట్టినట్లే. ఈమారు బొక్కసము మాత్రము కంపెనీది.

మరియొక మార్గము కలదు. గుజరాతు పాల సహకార సంఘములలో 1990ల నుండి పాల తూకమును, వెన్న శాతమును యంత్రముపై కొలిచి, ఆ కొలతయు సొమ్మును గల చీటీని పాడిరైతు చేతికిచ్చు పద్ధతి వ్యాపించినది. సంఘము చూచిన అంకెనే రైతును చూచెను. నమ్మకము పెరిగినది, మంచి పాలకు మంచి ధర వచ్చినది. ఆదోని మిల్లులును అట్లే తూకము, తేమ, తరగతి తెలుగులో ముద్రించిన చీటీని ప్రతి రైతునకు ఈయవలెను. ఋతువు చివర గ్రామవారీ సగటు దూది దిగుబడిని యార్డులో ప్రకటింపవలెను. తన గ్రామపు పత్తికి దిగుబడి తక్కువయని తెలిసిన రైతు విత్తనము మార్చును, ఏరుట మార్చును. మరుసటియేడు మేలైన పత్తి ఆ మిల్లునకే వచ్చును. వ్యక్తిగత దత్తాంశ రక్షణకై 2023లో పార్లమెంటు చట్టము చేసినది. 2025 నవంబరులో నియమములును ప్రకటింపబడినవి. రైతు పేరు, ఫోను, బ్యాంకు ఖాతా వివరములు ఇతరులకు అమ్ముకొను సరకు కావని మిల్లుదారులు గుర్తింతురు గాక.

ఒంటరిగా చేయలేనివారు కూడి చేయవచ్చును. 1938లో మాచాని సోమప్పగారు ఎమ్మిగనూరులో చేనేతవారి సహకార సంఘమును నెలకొల్పిరి. విడివిడిగా దుర్బలులైనవారు కలిసి నిలువగలరనుటకు ఈ సీమకు అంతకన్న దగ్గరి దృష్టాంతము వలదు. పది మిల్లులు కలిసి యొక విశ్లేషకుని నియమించుకొన్న ఖర్చు భరింపరానిది కాదు. కౌతాళము, కోసిగి రైతులు తమ ఉత్పత్తిదారుల సంఘముల ద్వారా తమ లెక్కను తామే వ్రాసికొన్న, బేరమునకు ఖాళీ చేతులతో పోవలసిన పని యుండదు.

దత్తాంశ విద్యను మధ్యతరహా కంపెనీలు స్వీకరింపవలసినదే, ఆలస్యము తగదు. అయితే ఆ లెక్క పుస్తకము కాటాకు రెండు ప్రక్కల నిలిచినవారికిని తెరచియుండవలెను. రాబోవు పత్తి ఋతువు ముగియులోపుననే ఒక్క మిల్లైనను తెలుగు చీటీతో ఈ పనికి శ్రీకారము చుట్టుగాక యని కోరుచున్నాము.