ఫారంలో గళ్ళు ఏమడుగుతున్నాయి?

చదవడం వచ్చింది. సంతకం వచ్చింది. అయినా బ్యాంకు ఫారం చేతికొస్తే "ఇక్కడ ఏటి రాయాలమ్మా?" అని పక్కవాళ్ళకి ఇచ్చేస్తారు చాలామంది. ఇచ్చేముందు ఫారాన్ని ఒకసారి చూడండి. ఖాళీ ఎలా ఉందో చూస్తే, అక్కడ ఏం రాయాలో సగం తెలిసిపోతుంది.

వరసగా చిన్న గళ్ళుంటే ఒక్కో గడిలో ఒక్క అంకె రాయాలి. పిన్‌కోడుకి 6 గళ్ళు. శ్రీకాకుళం పిన్‌కోడు 532001. సెల్ నెంబరుకి 10 గళ్ళు. ఆధార్‌కి 12. చివర ఒక గడి మిగిలిపోయిందా? ఎక్కడో ఒక అంకె వదిలేశారన్నమాట. తేదీకి 8 గళ్ళు. రోజుకి 2, నెలకి 2, సంవత్సరానికి 4. జూన్ 5 అయితే 05 06 అని రాయాలి. ముందు సున్నా మరవకూడదు.

పొడుగు గీత ఉంటే మాటల్లో రాయాలి. పేరు, ఊరు అలాంటివి.

డబ్బు మాత్రం రెండుసార్లు అడుగుతారు. చిన్న పెట్టెలో అంకెల్లో, పొడుగు గీత మీద అక్షరాల్లో. ఎందుకు? 500 పక్కన ఇంకో సున్నా పెడితే 5,000 అయిపోతుంది. "అయిదు వందల రూపాయలు మాత్రమే" అన్న మాటని అంత సులువుగా మార్చలేరు. చెక్కు మీద అంకెలు ఒకలా, అక్షరాలు ఒకలా ఉంటే అక్షరాల్లో రాసిందే లెక్క అని 1881 నాటి చట్టం చెబుతోంది. బ్యాంకువాళ్ళు అలాంటి చెక్కుని తిప్పి పంపడమూ ఉంది. అందుకే సంఘం లీడర్లు ఆ గీత ఖాళీగా ఉండగా సంతకం పెట్టకూడదు. పెట్టారో, తర్వాత ఎవరు ఎంత రాసుకున్నా ఆ నష్టం సంఘంలో అందరి మీదా పడుతుంది.

కంప్యూటర్ తెర మీదా ఇంతే. గుండ్రటి చుక్కలుంటే ఒక్కటే ఎంచుకోవాలి. పెళ్ళయిందా, కాలేదా? చదరపు గళ్ళుంటే ఎన్నింటికైనా టిక్కు పెట్టొచ్చు. ఇంట్లో ఆవు ఉందా, మేకలున్నాయా, కోళ్ళున్నాయా?

జిల్లా పేరు దగ్గర మాత్రం రాయనివ్వదు. ఒక జాబితా కిందికి జారుతుంది. ఒకరు విజయనగరం అని, ఇంకొకరు ఇజీనగరం అని రాస్తే యంత్రం రెండు వేరు జిల్లాలనుకుంటుంది మరి! ఈ జాబితా దగ్గరే జాగ్రత్త. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. పార్వతీపురం, పాలకొండ ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉన్నాయి. రాజాం శ్రీకాకుళం నుంచి విజయనగరం జిల్లాలోకి వచ్చింది. పాత అలవాటులో పాత జిల్లా నొక్కితే మీ దరఖాస్తు వేరే చోటికి పోవచ్చు. అందుకని ఆపరేటరు ఆఖరి మీట నొక్కకముందే తెర వైపు చూడండి. "జిల్లా ఏది పెట్టావు బాబూ, చదవనీ" అని అడగండి.