ఆకాశంలో దారి, నేల మీద కాపు: క్రొయ్‌డన్ విమానాశ్రయం

వాణిజ్య విమానయానం, అంటే ఛార్జీ తీసుకుని ప్రయాణికులను, ఉత్తరాలను, సరుకులను విమానాల్లో చేరవేసే వ్యాపారం, మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన వెంటనే ఐరోపాలో ఊపందుకుంది. 1919 ఆగస్టు 25న లండన్ శివారులోని హౌన్‌స్లో హీత్ నుంచి పారిస్‌కు రోజువారీ సర్వీసు మొదలుకాగా, 1920 మార్చిలో ఈ రాకపోకలన్నీ లండన్‌కు దక్షిణాన ఉన్న క్రొయ్‌డన్‌కు మారాయి. అప్పటి క్రొయ్‌డన్‌లో సిమెంటు రన్‌వే లేదు. గాలికి ఎదురుగా పరుగెత్తితే విమానం తక్కువ వేగంతోనే పైకి లేవగలదు కనుక, గాలి ఎటు వీస్తే అటు తిరిగి బయలుదేరడానికి విశాలమైన పచ్చిక మైదానమే అనువుగా ఉండేది.

విమానం ఎగరడం కంటే దారి తెలుసుకోవడమే అప్పట్లో కష్టం. పైలట్లు కింద కనిపించే రోడ్లను, రైలు పట్టాలను చూసుకుంటూ తక్కువ ఎత్తులో వెళ్లేవారు. 1922 ఏప్రిల్ 7న ఉత్తర ఫ్రాన్స్‌లోని పికార్డీ ప్రాంతంలో, మసక వాతావరణంలో, క్రొయ్‌డన్ నుంచి టపాతో వెళ్తున్న విమానం, పారిస్ నుంచి ప్రయాణికులతో వస్తున్న విమానం ఒకే దారిలో ఎదురెదురుగా వచ్చి ఢీకొనడంతో రెండింటిలోని ఏడుగురూ మరణించారు. విశాలమైన ఆకాశంలో కూడా దారులకు, వాటి మీద నడిచే పద్ధతికి నియమాలు తప్పవని ఆ దుర్ఘటన తేల్చిచెప్పింది.

ఆ నియమాలకు ఆధారం రేడియో. విమానాలకు వాతావరణ సమాచారం అందించేందుకు 1920లోనే నాలుగు వైపులా కిటికీలున్న నియంత్రణ గోపురాన్ని, అంటే కంట్రోల్ టవర్‌ను, క్రొయ్‌డన్‌లో నిర్మించారు. మేఘాల్లో దారి తెలియని పైలట్ రేడియోలో పిలిచినప్పుడు ఆ సంకేతం ఏ దిక్కు నుంచి వస్తున్నదో క్రొయ్‌డన్‌తో పాటు దూరంగా ఉన్న పల్హం, లింప్న్ కేంద్రాలు కూడా కొలిచేవి. ఆ దిక్కులను క్రొయ్‌డన్‌లోని పటం మీద గీతలుగా గీస్తే, అవి కలిసిన చోటే విమానం ఉన్న చోటు. రెండు గీతలతోనే స్థానం తెలుస్తుంది; మూడవది కొలతలోని పొరపాటును పట్టిస్తుంది. ఆ వివరాన్ని అక్కడి అధికారి వెంటనే పైలట్‌కు రేడియోలో చెప్పేవాడు.

1928లో ప్రయాణికుల హాలు, కస్టమ్స్, టవర్ ఒకే చోట ఉన్న కొత్త భవనం అక్కడ ప్రారంభమైంది. 1929 మార్చి 30న క్రొయ్‌డన్ నుంచి కరాచీకి టపా సర్వీసు మొదలైంది. 1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా కరాచీ నుంచి బొంబాయికి తెచ్చిన ఉత్తరాలు ఆ టపా సర్వీసుకు కొనసాగింపే; వాటిలో కొన్ని బళ్లారి మీదుగా మద్రాసుకు చేరాయి.

క్రొయ్‌డన్ 1959లో మూతపడింది. రాడార్లు, ఉపగ్రహాలు వచ్చి సాధనాలు మారినా, గాలిలో ఉన్న ప్రయాణికుల విమానం ఎక్కడున్నదో నేల మీద ఒకరికి తెలిసి ఉండాలన్న సూత్రం నేటికీ ప్రయాణికుల ప్రాణాలను కాపాడుతోంది.