తలుపు గంటకు కన్ను

హైదరాబాదులోని బంజారా హిల్స్‌లో 2022 ఆగస్టు 4న పోలీసు కమాండ్ కంట్రోల్ కేంద్రం ప్రారంభమైంది. నగరంలోని కెమెరాల దృశ్యాలు అక్కడ ఒకేచోట కనిపిస్తాయి. చిన్న ఎత్తున ఇటువంటి ఏర్పాటు మీ ఇంట్లోనూ చేసుకోవచ్చు. ఎలాగంటారా?

గుమ్మం గంట మీట ఎవరైనా నొక్కగానే ఒక విద్యుత్ సంకేతం బయలుదేరుతుంది. అరచేతిలో ఇమిడే ‘రాస్ప్‌బెర్రీ పై’ కంప్యూటరు దాన్ని అందుకుంటుంది. “గంట మోగితే కెమెరా దృశ్యం చూపు, వసారా దీపం వెలిగించు” అని అందులో మీరు ముందే రాసిపెట్టిన ఆజ్ఞను అది పాటిస్తుంది.

అయితే, కాపలా కన్నే దొంగల వశమైతే? 2016లో ‘మిరాయ్’ అనే దుష్ట ప్రోగ్రాము కెమెరాలు, రౌటర్లు వంటి లక్షలాది పరికరాలను లోబరచుకుంది. ఫ్యాక్టరీలో పెట్టిన పాస్‌వర్డులు అలాగే ఉండిపోవడమే అందుకు కారణం!

కాబట్టి కెమెరా బిగించిన రోజే పాస్‌వర్డు మార్చండి. దాని చూపు మీ గుమ్మం మీదే ఉండాలి. పొరుగింటి కిటికీ మీద కాదు.