మీకు తెలుసా? అమరావతి చట్టంలో పేదల ఇళ్లకూ వాటా ఉంది

అమరావతి అనగానే సచివాలయం, శాసనసభ, హైకోర్టు గుర్తొస్తాయి. కానీ 2014 నాటి సీఆర్‌డీఏ (రాజధాని ప్రాంత అభివృద్ధి ప్రాధికార సంస్థ) చట్టంలో ఇంకో మాట ఉంది: రైతుల నుంచి సమీకరించిన భూమి మొత్తం విస్తీర్ణంలో 5 శాతం పేదల ఇళ్లకు కేటాయించాలి.

ఇక్కడ భూమిని డబ్బిచ్చి కొనలేదు, రైతులనే వాటాదారులను చేశారు. ఎకరం మెట్ట ఇస్తే అభివృద్ధి చేసిన 1,000 గజాల ఇంటి స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం. కృష్ణ ఒడ్డున ఏడాది పొడవునా పండే జరీబు అయితే వాణిజ్య వాటా 450 గజాలు. పైగా పదేళ్లు కౌలు. భూమి లేని కుటుంబాలకు మొదట్లో నెలకు రూ.2,500 పింఛను. పొలం పోతే పాలేరుకూ పని పోతుందని లెక్కలోకి తీసుకున్న పథకాలు మనకు అరుదే!

ఆ 5 శాతం మాత్రం కోర్టుకెక్కింది. 2023లో రాజధాని బయటి ప్రాంతాల పేదలకు, ఇలాంటి ఇళ్ల కోసం ఏర్పరిచిన ఆర్-5 జోన్‌లో సెంటు చొప్పున పట్టాలిచ్చారు. రాజధాని రైతులు ఎదురు తిరిగారు. ఆగస్టులో హైకోర్టు ఇళ్ల నిర్మాణంపై స్టే ఇచ్చింది.

ఇళ్లకంటే ముందు తేల్చాల్సింది నీళ్ల సంగతి. రాజధాని ప్రాంతం మీదుగా పారే కొండవీటి వాగు పొంగితే ఆ వరదను కృష్ణలోకి తోడడానికి ఉండవల్లి దగ్గర 5,000 క్యూసెక్కుల ఎత్తిపోతల పథకం 2018లో మొదలైంది. వాగును పట్టించుకోకపోతే ఏమవుతుందో నది అవతల కనిపించింది: విజయవాడ సింగ్‌నగర్‌లో 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి, ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో నానాయి.