లూథరు బోధయందలి యవధారణము

వాక్యమున నొక్క యవ్యయము చేరినంతమాత్రమున సిద్ధాంతమే మాఱునా, లేక యంతకుమున్ను గూఢముగా నున్న యర్థమే వ్యక్తమగునా యను ప్రశ్న వైయాకరణులకుఁ గొత్తది కాదు. క్రీ. శ. పదునాఱవ శతాబ్దమున నిట్టి ప్రశ్నయే జర్మనీదేశమున గొప్ప వివాదమునకుఁ గారణమయ్యెను.

మార్టిను లూథరు (1483–1546) క్రొత్తనిబంధనమును గ్రీకునుండి జర్మనుభాషలోనికిఁ బరివర్తించెను. అది 1522వ సంవత్సరము సెప్టెంబరున విటెన్‌బర్గు పట్టణమునఁ బ్రకటితమైనది. రోమీయులకుఁ బౌలు వ్రాసిన లేఖలో, మూఁడవ యధ్యాయమున 28వ వాక్యము, ధర్మశాస్త్రక్రియలతో నిమిత్తము లేక విశ్వాసముచేత మనుష్యుఁడు నీతిమంతుఁడుగా నెంచఁబడునను నర్థము గలది. అచట లూథరు 'అల్లైన్' అను పదమును జేర్చెను. 'మాత్రమే' యని దాని యర్థము. గ్రీకుమూలమున దీనికి సరియైన పదము లేదు. కావున మూలమున లేనిదానిని జొప్పించెనని ప్రతిపక్షులు దూషించిరి.

భాషాంతరీకరణమునుగూర్చి 1530లో వ్రాసిన బహిరంగలేఖయందు లూథరు రెండు సమాధానములు చెప్పెను. ఒకదానిని విధించి వేఱొకదానిని నిషేధించునపుడు జర్మనులు సహజముగా నాపదమును వాడుదురనుట మొదటిది. రైతు ధాన్యము మాత్రమే తెచ్చెను, ధనము తేలేదనుట యాతఁడిచ్చిన యుదాహరణములలో నొకటి. క్రియలను ద్రోసివేసిన పిదప మిగులునది విశ్వాసమొక్కటియే కాన, పదము లేకున్నను నర్థము కలదనుట రెండవది.

ఈ రెండవ సమాధానము భారతీయశాస్త్రజ్ఞులకుఁ బరిచితమైన త్రోవయే. ప్రతివాక్యమును సావధారణమే యను న్యాయము ప్రసిద్ధము. అయితే యవధారణమెచటఁ జేరినదో యెఱుఁగక నిషిద్ధమేదియో నిర్ణయింపరాదు. 'శంఖము తెల్లనిదే' యన్నపుడు శంఖమునకుఁ దెలుపు లేకుండుట నిషిద్ధము. 'పార్థుఁడే ధనుర్ధరుఁడు' అన్నపుడు పార్థునికంటె నన్యుఁడు నిషిద్ధుఁడు. లూథరు చేర్చిన పదము విశ్వాసమను సాధనమునకు సంబంధించినది. అందుచే నీతిమత్త్వమునకుఁ గ్రియలు సాధనమగుటయే నిషేధింపఁబడినది కాని, విశ్వాసియందుఁ గ్రియలుండుట నిషేధింపఁబడలేదు. ఒకఁడు కంటితోనే చూచుననినంత వానికిఁ జెవులు లేవని తేలదు కదా.

ఈ పదమును విడువకపోవుటకు వ్యాకరణమొక్కటియే కారణము కాదు. లూథరు 1505లో ఎర్ఫుర్టునందలి యగస్టీను సంప్రదాయపు మఠమునఁ జేరి యుపవాసజాగరణాదులను గఠినముగా నాచరించినను జిత్తశాంతిని బొందలేదు. క్రియలు కొంతయైన సాధనమగునెడల, నెంత చేసినఁ జాలునను సంశయము మరణపర్యంతము తీఱదు. కావుననే లూథరనుల ప్రసంగములు ధర్మశాస్త్రముచే శ్రోత లోపమును జూపి, పిదప సువార్తచేఁ గ్రీస్తునందలి క్షమను బ్రకటించు పద్ధతి ననుసరించును.

విశ్వాసమన నిచటఁ గ్రీస్తుచరిత్ర సత్యమని యంగీకరించుట మాత్రము కాదు. 'వైద్యుఁడు సమర్థుఁడని నమ్మెను' అనుటకును 'వైద్యుని నమ్మెను' అనుటకును భేదము గలదు. మొదటిదానఁ గర్మము వాక్యార్థము, రెండవదాన వ్యక్తి. లూథరనుల విశ్వాసము రెండవ తెఱఁగునకుఁ జెందినది.

అట్లయిన విశ్వాసమును నొక సత్క్రియయే కాదా యని శంక. ఎఫెసీయులకు వ్రాసిన లేఖ రెండవ యధ్యాయము 8వ వాక్యమున గ్రీకుమూలము కృపాశబ్దమునకు విభక్తిని మాత్రము చేర్చి, విశ్వాసశబ్దమునకు 'ద్వారా' యను నర్థము గల యవ్యయమును జేర్చినది. పాణిని కరణమునకును హేతువునకునుఁ దృతీయనే విధించినను, ఆ రెండును నొకటి కావు. రక్షణకు హేతువు కృప, విశ్వాసము ద్వారము. యాచకుఁడు చాఁచిన చేయి దానమును గ్రహించునే కాని సంపాదింపదు.

మఱి యాకోబు లేఖ రెండవ యధ్యాయము 24వ వాక్యము, విశ్వాసముచేత మాత్రమే కాక క్రియలచేతను నీతిమంతుఁడగునని చెప్పుచున్నది. లూథరు 1522లో నీలేఖను గడ్డితోఁ బోల్చి తక్కువగాఁ జూచెను. ఆతని సహచరుఁడగు ఫిలిప్పు మెలాంక్తను 1531లోఁ బ్రకటించిన యౌగ్స్‌బర్గు విశ్వాసప్రకటన సమర్థనగ్రంథమున, యాకోబు ఖండించునది నిర్జీవవిశ్వాసమనియు, ఆతఁడు చెప్పు క్రియలు విశ్వాసము ననుసరించి వచ్చునవియే యనియు సమన్వయించెను. శాస్త్రపరిభాషలో నిది కారకహేతువునకును జ్ఞాపకహేతువునకును గల భేదము. పొగ నిప్పును దెలుపును, పుట్టింపదు. విశ్వాసము క్రియాశూన్యముగా నుండఁజాలదని లూథరును 1522లో రోమీయలేఖకు వ్రాసిన పీఠికయందే చెప్పియున్నాఁడు.

1999వ సంవత్సరము అక్టోబరు 31వ తేదీన ఔగ్స్‌బర్గునందు రోమను కథోలికసభవారును లోకలూథరనుసమాఖ్యవారును నీవిషయమై సంయుక్తప్రకటనపైఁ జేవ్రాలు చేసిరి. అంగీకారము స్వార్జితపుణ్యముచేఁ గాక కృపచేతనే కలుగుననియు, సత్క్రియలు దాని ఫలములనియు నుభయులు నొప్పుకొనిరి. భేదములన్నియుఁ దీఱలేదు, కాని మూలప్రశ్నయందుఁ బరస్పరనింద తగ్గినది.

ఈ బోధ తెలుఁగునకుఁ బాఁతది. బెంజమిను షుల్జు కూర్చిన తెలుఁగు ప్రశ్నోత్తరగ్రంథము 1746లో జర్మనీయందలి హాలేనగరమున ముద్రితమైనది. 1842లో హయ్యరు గుంటూరునఁ బ్రచార మారంభించెను. 1927లో ఆంధ్ర సువార్త లూథరను సంఘ మేర్పడెను. నేఁడు విరివిగాఁ జదువఁబడు తెలుఁగు బైబిలునందు రోమీయలేఖావాక్యమున 'వలననే' యను నేకారము కలదు. యాకోబు వాక్యమున 'మాత్రము' కలదు. ఆ రెండు యవధారణములు వేనిని నిషేధించుచున్నవో విడఁదీసి చెప్పఁగల యుపాధ్యాయునకు, సుమారైదువందల యేండ్ల వివాదసారము రెండు వాక్యములలోఁ గరతలామలకమగును.