నీచు వాసనలోంచి ఇంత కమ్మదనమా?

“హనోయిలో స్నేహితుడితో కలిసి ఫో తిన్నాను. బల్లమీది ఫిష్ సాస్ సీసా మూత తీస్తే ముక్కు మూసుకోవాల్సి వచ్చింది. నేను లొట్టలేసుకుంటూ తాగిన రసంలోనూ అదే సాస్ ఉందని మావాడు చెప్పాడు. ఎలా సాధ్యం?” అని ఒక పాఠకుడు అడిగారు.

ఫో గురించి రెండు ముక్కలు చాలు. గొడ్డు ఎముకలను కాల్చిన అల్లం, ఉల్లి, అనాసపువ్వు, దాల్చినచెక్కలతో గంటల తరబడి మరిగించి, ఆ రసాన్ని బియ్యపు నూడుల్స్ మీద పోస్తారు. కథంతా అందులో కలిపే నుక్ మామ్‌లో, అంటే ఫిష్ సాస్‌లో ఉంది.

చాలామంది దాన్ని కుళ్లిన చేపల నీరు అనుకుంటారు. తప్పు. ఫూ కువోక్ దీవిలో మూడు వంతుల నెత్తళ్లకు ఒక వంతు ఉప్పు కలిపి, పెద్ద పెద్ద చెక్క తొట్లలో ఏడాదిపాటు ఉంచుతారు. అంత ఉప్పులో కుళ్లబెట్టే బ్యాక్టీరియా బతకలేదు. పనంతా ప్రధానంగా చేప పేగుల్లో, కండరాల్లో ఉన్న ఎంజైములదే. చచ్చిన చేప తనను తానే అరిగించుకుంటుందన్నమాట! ప్రొటీన్లు తెగి అమైనో ఆమ్లాలవుతాయి. వాటిలో గ్లుటమేట్ ఒకటి. ప్రొటీన్‌లో బందీగా ఉన్నంతకాలం దానికి రుచి లేదు, విడిపడితేనే నాలుకకు అందుతుంది.

ఆ రుచిని 1908లో జపాన్ రసాయన శాస్త్రవేత్త కికునయే ఇకెదా సముద్రపు నాచు రసంలో పట్టుకుని ‘ఉమామి’ అన్నాడు. 1913లో ఆయన శిష్యుడు కొదమా ఎండు చేపలోని ఐనోసినేట్ అనే పదార్థానికీ ఆ రుచి ఉందని కనిపెట్టాడు. తర్వాత కునినాకా అనే శాస్త్రవేత్త అసలు వింత బయటపెట్టాడు: రెండూ కలిస్తే రుచి కూడిక కాదు, అనేక రెట్లవుతుంది. పాశ్చాత్య పండితులు మాత్రం రుచులు నాలుగేనంటూ దశాబ్దాలపాటు భీష్మించుకుని కూర్చున్నారు. 2002లో నాలుకపై టి1ఆర్1, టి1ఆర్3 అనే గ్రాహకాల జంట ఉమామిని పసిగడుతోందని తేలాక గాని దిగిరాలేదు.

ఆ గ్రాహకం పనితీరు చూడండి! దాని బయటి భాగంలో రెండు రెక్కలుంటాయి. గ్లుటమేట్ రెక్కలు కలిసే మూలకు చేరి వాటిని మూస్తుంది. ఐనోసినేట్ అంచు దగ్గర కూర్చుని, మూసుకున్నవి మళ్లీ తెరుచుకోకుండా ఆపుతుంది. ఒకటి తలుపు వేస్తే, రెండోది గడియ పెడుతుంది. మెదడుకు వెళ్లే సంకేతం బలపడుతుంది. ఫోలో మాంసం నుంచి ఐనోసినేట్, సాస్ నుంచి గ్లుటమేట్ వస్తాయి. అందుకే కొద్దిపాటి సాస్‌కే రసం రుచి మారిపోతుంది.

మరి వాసన? చేపల నీచుకు ముఖ్య కారణం ట్రైమిథైలమైన్ అనే క్షార వాయువు. నిమ్మరసంలోని ఆమ్లం తగలగానే అది ఎగరలేని లవణమైపోతుంది. మనం చేపల్ని నిమ్మరసంతో కడగడం, పులుసులో చింతపండు వేయడం ఇందుకూ పనికొస్తాయి.

గ్లుటమేట్ అనే ఇంత అందమైన రసాయనాన్ని మనవాళ్లు ‘అజినొమోటో’ అని విని భయపడటం నాకు మింగుడుపడదు. 1968లో ఒక అమెరికా వైద్య పత్రికలో వచ్చిన ఒకే ఒక్క ఉత్తరం ఈ భయానికి మూలం. ఆ తర్వాత ఏది తింటున్నారో చెప్పకుండా జరిపిన పరీక్షల్లో, ఆహారంతో పాటు తీసుకున్నప్పుడు నిలకడగా ఏ దుష్ఫలితమూ కనబడలేదు. అదే గ్లుటమేట్ టమాటాలో ఉంది. టమాటా వేసిన చేపల పులుసులో తలుపూ గడియా రెండూ ఉన్నాయి! శాకాహారులకు ఎండు షిటాకే పుట్టగొడుగుల్లోని గ్వానిలేట్ ఆ గడియ పని చేస్తుంది.

సాస్ కొనేవారు సీసా మీద ‘ఎన్’ పక్కనున్న అంకె చూడండి. అది లీటరులో ఎన్ని గ్రాముల నైట్రోజన్ ఉందో చెబుతుంది. 40 అంటే చిక్కని సరుకు. బీపీ ఉన్నవారు మాత్రం చుక్కలు లెక్కపెట్టుకోవాలి. అందులో ఉప్పు చాలా ఎక్కువ.