చేపల పులుసులో గరిటె ఎందుకు పెట్టరు?

చేపల పులుసు ఉడుకుతుంటే అమ్మ గరిటె పెట్టదు. గుడ్డతో గిన్నె అంచులు పట్టుకుని మెల్లగా అటూ ఇటూ తిప్పుతుంది. ఎందుకు?

మేక తన బరువును కాళ్లమీద మోయాలి. అందుకే దాని కండరాలను పట్టి ఉంచే కొల్లాజెన్ గట్టిగా ఉంటుంది. చేప బరువును నీరే మోస్తుంది. దాని కండ పొరలు పొరలుగా ఉంటుంది. ఆ పొరలను అతికించే కొల్లాజెన్ తక్కువ, పైగా కాస్త వేడికే కరిగిపోతుంది. అందుకే ముక్క పది పదిహేను నిమిషాల్లో ఉడుకుతుంది, గరిటె తగిలితే విడిపోతుంది. ముందు పులుసు బాగా మరిగించి, తర్వాతే ముక్కలు వేయాలి.

మరి చింతపండు ఎందుకు? వంజరం, చందువా వంటి సముద్రపు చేపల్లో ట్రైమిథైల్‌అమైన్ ఆక్సైడ్ ఉంటుంది. చేప చనిపోయాక బ్యాక్టీరియా దాన్ని ట్రైమిథైల్‌అమైన్‌గా మారుస్తాయి. నీచు వాసన ముఖ్యంగా దానిదే. అది క్షారం. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం దానితో కలిస్తే లవణం తయారవుతుంది. లవణం గాలిలోకి ఎగరదు, కాబట్టి వాసన ముక్కుదాకా రాదు.

అయితే పాడైన చేపను ఏ పులుపూ బాగుచేయలేదు. కొనేటప్పుడే చూడండి: మొప్పలు ఎర్రగా, కళ్లు మెరుస్తూ ఉండాలి. వేలితో నొక్కితే పడిన గుంట వెంటనే పూడాలి.